నీటికాకి రెక్క కింద ఎర్రచేప

“వూమేయ్! ఓ వూమేయ్! ఎక్కడున్నావే?”

వెదురు తెప్ప మీంచి జున్‌హే కేకేస్తున్నాడు. ఒడ్డున బండ వెనకాల నక్కిన నీటికాకి వూమేయ్ ఇంకా కిందికి ఒదిగింది. రెక్కల్ని ఇంకాస్త బిగించుకుంది.

ఒకప్పుడు నీటికాకులు నీళ్లలోంచి పైకొచ్చాక కూడా అలా రెక్కలు ముడుచుకునే కూర్చునేవి. చైనాలో, కొండల నడుమ పచ్చగా పారే ఆ నది మీద జాలరులు వల వేసేవాళ్లు కాదు. నీటికాకులే మునిగి చేపలు తెచ్చిచ్చేవి. మింగెయ్యకుండా వాటి మెడకు గడ్డితాడు కట్టేవాళ్లు. పనయ్యాక విప్పేసి, వాటి వాటా వాటికి పెట్టేవాళ్లు.

ఆ పొద్దున పట్టినవి మామూలు చేపలు కావు. పెళ్లి చేపలు! జున్‌హే మనసిచ్చిన యిన్‌షా ఇల్లు అవతలి ఒడ్డునే. ఆమె కిటికీకి కట్టిన ఎర్రగుడ్డ మంచులో దీపంలా కనిపిస్తోంది. పొద్దు కొండ దాటి పైకొచ్చేలోగా ప్రాణంతో ఉన్న ఎర్రచేపల జంట ఆ గుమ్మం చేరాలి. చేరకపోతే ఆ ఇంటి పెద్దలు సంబంధం వద్దంటారు.

తెప్ప పక్కన నీళ్లలో వేలాడదీసిన బుట్టలో చూస్తే ఒక్కటే ఉంది. రెండోది వూమేయ్ రెక్క కింద గిలగిల్లాడుతోంది.

“ఊపిరాడట్లేదు, వదలవే తల్లీ!” అంది చేప సన్నగా.

“ష్! నోర్ముయ్.” వూమేయ్ గుండె చేపకన్నా గట్టిగా కొట్టుకుంటోంది.

తెప్ప మీద జున్‌హే ముసలి నీటికాకి వైపు తిరిగాడు. దాని మెడ తాడు వదులుగా వేలాడుతోంది.

“తాతా, నువ్వే మింగావా?”

“లేదు బాబూ. నీ తండ్రి తెప్ప మీద కూడా నేను దొంగతిండి తినలేదు.”

“ముసలివాడివని జాలిపడి వదులుగా కట్టానే! దానికి ఇదా? దిగు! నా తెప్ప మీద నీకు చోటు లేదు.”

తాతకి చూపు మసక. సొంతంగా ఒక్క చేప కూడా పట్టుకోలేడు. అయినా తడబడుతూ తెప్ప అంచుకి నడిచాడు. కింద నది సుళ్లు తిరుగుతోంది.

పొద్దు కొండ కొసని తాకింది. రెక్క కింద చేప కదలడం మానేసింది.

చోటు లేదు. ఏ మాటకి భయపడి వూమేయ్ ఇంత పని చేసిందో, ఆ మాట తాత నెత్తిన పడింది.

“ఆగు తాతా!”

వూమేయ్ ఒక్క ఉదుటున తెప్ప మీద వాలి, రెక్కలు రెండూ బార్లా చాచేసింది. ఎర్రచేప బుట్ట నీళ్లలో దబ్బున పడింది. వెల్లకిలా తేలింది. అందరూ కళ్లార్పకుండా చూశారు. ఒక మొప్ప ఆడింది. తోక కొట్టుకుంది. చేప బతికింది!

జున్‌హే ముందు తాత దగ్గరికెళ్లి, అతన్ని మెల్లగా వెనక్కి తెచ్చాడు. “తప్పయింది తాతా,” అన్నాడు. తర్వాత వూమేయ్ వైపు చూశాడు.

“ఎందుకే ఇలా చేశావు?”

వూమేయ్ తల దించుకుంది. చాచిన రెక్కలు మాత్రం ముడుచుకోలేదు.

జున్‌హే గడవేసి తెప్పని అవతలికి తోశాడు. ఎర్రగుడ్డ దగ్గరవుతోంది. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది.

అప్పటినుంచే నీటికాకులు నీళ్లలోంచి పైకి రాగానే, ఏమీ దాచలేదు చూసుకోమన్నట్టు, రెక్కలు రెండూ చాచి నిలబడతాయి. ఆ రోజు ఒడ్డు చేరేముందు వూమేయ్ కూడా అలాగే నిలబడి, చివరికి పైకే అనేసింది:

“అన్నా, నేనే దాచాను. వదినొస్తే నీ పక్కన నాకు చోటుండదని భయమేసింది.”