రాగి పలుకులు తప్పిపోయిన నాలుగు రోజులు

ఒకప్పుడు అల్యూమినియం ఎంత మెత్తగా ఉండేదంటే, గట్టిగా తుమ్మితే సొట్టపడేది. గరిటె చేస్తే పప్పులోనే మెడ వాల్చేసేది.

అలాంటిదానికి ఎగరాలని కోరిక! రోజూ గాలిని బతిమాలేది.

"తేలిగ్గానే ఉన్నావమ్మా, మోస్తాను," అనేది గాలి. "కానీ పైకెత్తగానే మడతపడిపోతావు. నీమీద కూర్చున్నవాళ్ల గతేం కాను?"

ఆ ఊళ్లో వకుళగారని ఒక భౌతిక శాస్త్రవేత్త ఉండేవారు. ఆవిడకి లోహాల మాటలు తెలుసు. అల్యూమినియం ఏడుపు విని జాలిపడి, అందులో కాస్త రాగి కలిపారు. కొలిమిలో బాగా కాల్చి, చన్నీళ్లలో ముంచారు. తియ్యగానే సుత్తితో ఒక్కటిచ్చారు. సొట్ట!

వకుళగారిది ఒకటే పద్ధతి. ఏనాటి పని ఆనాడే తేలిపోవాలి. సొట్టపడిన ముక్కని సాయంత్రంలోగా కరిగించేసేవారు. మర్నాడు మళ్లీ మొదలు. అలా తొంభైతొమ్మిది సార్లు!

"ఇంకొక్కసారే," అన్నారు చివరికి. "ఈసారీ వంగావో, నావల్ల కాదు. నిన్ను మూతలు చేసేవాళ్లకి ఇచ్చేస్తాను."

"మూతలా! ఇక నేను ఎగిరినట్టే," అనుకుంది అల్యూమినియం.

కాల్చారు. ముంచారు. సుత్తి ఎత్తబోతుంటే వకుళగారికి చలిజ్వరం ముంచుకొచ్చింది. ముక్కని బల్లమీదే వదిలేసి, ఇంటికెళ్లి దుప్పటి కప్పుకున్నారు.

ముక్క లోపల చూడాలి గోల!

"నిప్పులో చెల్లాచెదురయ్యాం. ఇంతలో నీళ్లేంటి? నేనెక్కడున్నాను?" అంది ఒక రాగి పలుకు.

"నాకేం తెలుసు? అసలు నువ్వెవరు?"

"రాగిని."

"నేనూ రాగినే! చెయ్యి పట్టుకో, మళ్లీ తప్పిపోతావు!"

ఇదివరకు ఇంత మాట్లాడుకునేలోపే సుత్తి పడేది, కొలిమి మండేది. ఈసారి ఏదీ రాలేదు. ఎందుకు రాలేదో వాటికి అర్థం కాలేదు. తడుముకుంటూ, తికమకపడుతూ, ఒక్కొక్కటే దగ్గరకి చేరి చిన్న చిన్న గుంపులు కట్టాయి.

అయిదోనాడు వకుళగారు నీరసంగా వచ్చి సుత్తి ఎత్తారు. ఠంగ్! సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది.

ఆవిడ తెల్లబోయారు. "ఏం చేశావు?" అని నిప్పుని అడిగారు.

"రోజూ చేసేదే," అంది నిప్పు.

"నన్నడక్కండి, నాకేం తెలీదు," అన్నాయి నీళ్లు.

"వంగుదామనే అనుకున్నానండీ, వంగలేకపోయాను. నాకే అయోమయంగా ఉంది!" అంది అల్యూమినియం.

వకుళగారు ముక్కకి చెవి ఆనించారు. లోపలినుంచి సన్నటి గొంతులు వినపడ్డాయి.

"సుత్తి దెబ్బకి అల్యూమినియం పొరలు జారబోతే మేం అడ్డుపడ్డామండీ. పక్కకి జరగమంటే ఎలా జరుగుతాం? ఇప్పుడే కదా ఒకళ్లకొకళ్లం దొరికాం!"

వకుళగారికి కళ్లనీళ్లు తిరిగాయి. "అయ్యో, తొంభైతొమ్మిది సార్లు మిమ్మల్ని విడదీసింది నేనేనా!"

ఆ ముక్కని రెక్కగా సాగదీశారు. గాలి భయపడుతూనే ఎత్తింది. రెక్క మడతపడలేదు. వకుళగారి పేరు దేశదేశాలా మోగిపోయింది. కిటుకేమిటని అడిగితే, "నిదానమే ప్రధానమని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది. నేనే వినలేదు," అనేవారు.

అప్పటినుంచే, రాగి కలిపిన అల్యూమినియం కాలి, నీళ్లలో మునిగి, నాలుగు రోజులు ఊరికే పడుకుని మరీ గట్టిపడుతోంది. ఆ నాలుగు రోజులూ దాన్నెవరూ తొందరపెట్టరు. లోపల ఎవరో ఎవరినో వెతుక్కుంటున్నారు మరి.