ఐదో కొక్కెం

ఇంగ్లండులో ఉత్తరాన ఒక కొండ కింద బొగ్గు గని ఉండేది. అందులో బొగ్గు బండ్లు లాగే పని పొట్టి గుర్రాలది. వాటిలో పెద్దది బెస్సీ. సూర్యుడు ఎలా ఉంటాడో మరిచిపోయింది గానీ, లెక్క మాత్రం మరవలేదు. వెనక బండి తగిలించినప్పుడల్లా ఇనప కొక్కెం టక్‌మంటుంది. నాలుగు సార్లు టక్‌మంటే బెస్సీ నడుస్తుంది. ఐదోసారి వినిపించిందా, కొరడా విరిగినా కదలదు. ఐదు బండ్లు లాగబోయి దాని అన్న ఏటవాలులో నడుం విరిగి చచ్చాడు మరి.

ఆ వసంతంలో గని మేనేజరు నక్క దొర చాటింపు వేయించాడు.

"రేపట్నుంచి ఐదేసి బండ్లు. దాణా సగం. దేశం కష్టాల్లో ఉంది!"

"దేశం చిక్కిపోతే తమరి బొజ్జ చిక్కలేదేం దొరా?" అంది బెస్సీ.

గుర్రాలన్నీ గని వదిలి పైకొచ్చేశాయి. ఒకరి మీద పడ్డ దెబ్బ అందరి దెబ్బేనని రేవులో గాడిదలు, రోడ్ల మీద ఎడ్లు కూడా పని ఆపేశాయి. దేశంలో చక్రం తిరగలేదు. తొమ్మిది రోజులు! పదో రోజున పనివాళ్ల సంఘం పెద్ద పొట్టేలు నక్క బంగళాలో టీ తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"సమ్మె అయిపోయింది బెస్సీ. దొర మాటిచ్చాడు."

"ఏమని?"

"న్యాయం చూస్తానని."

"కాగితం మీద పెట్టాడా?"

"పెద్దమనుషుల మధ్య కాగితాలేమిటే!"

"కుక్క తోక పట్టుకుని గోదారి ఈదమంటున్నావు, పెద్దయ్యా."

గాడిదలు, ఎడ్లు తలలు దించుకుని పనిలోకి పోయాయి. గుర్రాలు మాత్రం కొండ మీదే నిలబడ్డాయి. గడ్డి ఉన్నన్నాళ్లూ నిలబడ్డాయి. మంచు పడ్డాక, డొక్కలెండి ఒక్కొక్కటే కిందికి దిగాయి. అన్నిటికంటే చివర దిగింది బెస్సీ. ఓడిపోయినందుకు దాన్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు. అదే దానికి ఎక్కువ నొప్పి.

"రా బెస్సమ్మా, మనలో మనకు కోపాలేమిటి? నాలుగే బండ్లు. నీ చెవులతో నువ్వే లెక్కపెట్టుకో" అన్నాడు నక్క తియ్యగా. వెనక్కి వెళ్లి, ఐదో కొక్కేనికి గుడ్డపీలిక చుట్టి తగిలించాడు.

టక్. టక్. టక్. టక్.

బెస్సీ కదిలింది. మెడపట్టీ కోసుకుపోతోంది.

"దొరా, నా చెవి నాలుగంటోంది. నా మెడ ఐదంటోంది."

"ఆర్నెల్లు తిరిగి బద్ధకం మరిగావు. లాగు!" నక్క ఐదో బండి వెనకే వస్తూ కొరడా ఝళిపించాడు.

ఏటవాలు వచ్చింది. అన్న పడిపోయిన చోటు. బెస్సీ పళ్లు బిగించి ఒక్క గుంజు గుంజింది.

కొక్కెం టక్‌మంటేనే బిగిసినట్టని గనిలో ప్రతి గుర్రానికీ తెలుసు. అంతకుముందు ఒక్కనాడూ బండి తగిలించని దొరకు తెలీదు. పీలిక అడ్డుపడ్డ కొక్కెం ఆ గుంజుకు ఊడిపోయింది. ఐదో బండి వెనక్కి దొర్లింది. దొర కొరడా, టోపీ వదిలేసి పరుగెత్తి పరుగెత్తి, అడుగున ఉన్న బురదగుంటలో మెడదాకా దిగబడ్డాడు.

"బెస్సీ! నన్ను పైకి లాగవే!"

బెస్సీ వెనక్కి చూడలేదు.

"నాలుగూ లాగుతున్నాను దొరా. ఐదోది నా లెక్కలో లేదు."

నోరు నొక్కి మోపిన బరువు, నొక్కినవాడి మీదికే దొర్లుతుంది.