ఠాణేదారు దాటించిన తుపాకి

తుపాకి గురిలో ఓబుళమ్మకు సాటి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. పొరుగు రాజ్యంలో గురిపందెం జరుగుతుందని తెలిసి, తాతలనాటి తుపాకి భుజాన వేసుకుని రెండు రోజులు నడిచి సరిహద్దు చేరింది.

అక్కడ తుపాకి దాటించడానికి పరవానా, అంటే అనుమతి చీటీ, రాసివ్వాల్సినవాడు ఆ రాజ్యపు ఠాణేదారు వీరభద్రయ్య. ఆయన ఎవరికీ రాసివ్వడు. తుపాకి నచ్చితే మాత్రం గుంజుకుని తన గదిలో పెట్టుకుంటాడు.

"అయ్యా, పందెం రేపే. పరవానా ఇప్పించండి," అంది ఓబుళమ్మ.

"కుదరదు. ఆ సరిహద్దు రాయి మీద ఏముందో చూడు."

"నాకు చదువు రాదయ్యా. మీరే చదవండి."

వెనక ఆగిన బండ్లవాళ్లకు కూడా వినపడేలా ఆయన గొంతు పెంచాడు. "పరవానా లేని తుపాకిని ఈ రాయి దాటించినవాడు ఎంతటివాడైనా ఆరు నెలలు చెరసాలలో ఉండాలి. విన్నావుగా, ఇలా తే!" అంటూ తుపాకి లాక్కుని, రాయి దాటి ఠాణా వైపు నడిచాడు.

ఓబుళమ్మ అడుగు కదపలేదు.

"అయ్యా, నేనింకా రాయికి ఇవతలే ఉన్నాను. తుపాకి మాత్రం అవతలికి వెళ్లిపోయింది. మరి దాటించింది ఎవరు? ఈ బండ్లన్నీ మీ రాజధానికే పోతున్నాయి, అక్కడ అడగమంటారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వీరభద్రయ్య మొహం పాలిపోయింది. గబగబా పరవానా రాసి, ముద్ర వేసి, తుపాకితో సహా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మూడో రోజు ఓబుళమ్మ పందెంలో గెలిచిన వెండి కడియంతో తిరిగి వచ్చింది.

"అయ్యా, భుజం నొప్పిగా ఉంది. ఈ తుపాకిని కాస్త రాయి దాటిస్తారా?"

వీరభద్రయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.