కంట్లో నడిచిన వాగు గట్టు

ఒకప్పుడు మనిషి కంటికి ఒక పిచ్చి ఉండేది. కదిలేది ఏది కనబడినా దాని వెంటే పోయేది. చూపు ఒక్కటే పోతే సరే అనుకోవచ్చు, కాళ్ళను కూడా లాక్కుపోయేది. మబ్బు కదిలితే మబ్బు వెంట, చీమలు బారు కడితే చీమల వెంట.

అన్నిటికన్నా చెడ్డవి పారే నీళ్ళు. చీమలు పుట్టలోకి దూరిపోతాయి, మబ్బు విడిపోతుంది. నీళ్ళు ఎక్కడ ఆగుతాయి చెప్పండి? అందుకే వాగుకు వెళ్ళేవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస చెట్టుకు కట్టి, అప్పుడు వంగి కుండ ముంచేవారు. మీకు నవ్వొస్తోంది గానీ, వాళ్ళకది ప్రాణం మీది సంగతి.

ఆ రోజుల్లో బీరయ్య అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. అతని భార్య ఐలవ్వ. మంద వాగు దాటేటప్పుడు కాపరి నీళ్ళలో దిగి, మందకు దిగువన నిలబడాలి. కాలుజారిన పిల్ల ఏదైనా కొట్టుకొస్తే పట్టుకోవాలి కదా. ఆ రోజు బీరయ్య నడుము తాడు గొర్రెల కాళ్ళకు చుట్టుకుంటోంది. విసుగొచ్చి తాడు విప్పి పారేశాడు.

ఇంకేముంది, పారే నీళ్ళలోకి చూశాడు, చూపు జారింది. చూపు వెనకే కాళ్ళు. మంద దాటింది గానీ మనిషి దాటలేదు. మోకాళ్ళ లోతులో, తర్వాత నడుం లోతులో, దిగువకు నడిచిపోతున్నాడు. ఇంకొంచెం ముందుకు పోతే వాగు పెద్ద ఏట్లో కలుస్తుంది. అక్కడ ఏనుగుకు కూడా కాలు అందదు.

ఐలవ్వ ఆవలి ఒడ్డున అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకుని ఉంది. గొంతు పోయేలా పిలిచింది. పలకలేదు. నీళ్ళలోకి దూకుదామంటే తన కన్నూ అలాంటిదే. నీళ్ళవైపు చూడకుండా ఒడ్డు వెంట పరిగెత్తింది.

కాసేపు ఆగమని వాగును బతిమాలింది. పల్లం ఎటుంటే అటు పోవడమే తప్ప ఆగడం తనకు రాదంది వాగు. అయ్యో పాపం అని గాలి ఎదురు వీచి చూసింది. నీళ్ళ మీద ముడతలు పడ్డాయి, అంతే.

చివరికి ఐలవ్వ గట్టు మీద కూలబడి ఏడ్చింది. గట్టును తాతా అని పిలిచి, మా ఆయన్ని వెనక్కి తీసుకురా అంది. గట్టు తాతకు కోపమొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి తాను వేలెడు కూడా కదల్లేదట. తన మీద చెట్లున్నాయి, పుట్టలున్నాయి, ఎండ్రకాయల బొరియలున్నాయి. తాను నడిస్తే వాటి గతేమిటన్నాడు.

ఐలవ్వ కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు నిజంగా నడవొద్దు తాతా. ఆయన కంట్లో నడువు, చాలు. కదిలేదాని వెంట పోవడమే ఆ కంటికి తెలుసు. నీ వెంట రానియ్."

గట్టు ఆలోచించాడు. సరే గానీ, అతను ముందు నా వైపు చూడాలి, చూడని కంట్లోకి నేనెలా దూరేది అన్నాడు.

ఐలవ్వ ఒళ్ళోని గొర్రెపిల్ల చెవి మెలేసింది. అది మే అని అరిచింది. అంతే, బీరయ్య టక్కున తల తిప్పాడు. పెళ్ళాం అంతసేపు అరిస్తే తిరగని తల! ఆ సంగతి ఐలవ్వ తర్వాత చాలా ఏళ్ళు గుర్తు చేసిందిలెండి.

బీరయ్య చూపు గట్టు మీద పడింది. గట్టు మెల్లగా ఎగువకు కదిలాడు, రాళ్ళతో, గడ్డితో సహా. చూపు గట్టు వెంట తిరిగింది, కాళ్ళు చూపు వెంట తిరిగాయి. నీళ్ళకు ఎదురు నడుచుకుంటూ వచ్చి, ఐలవ్వ ముందు ఒడ్డెక్కి, తల తిరిగి కూర్చున్నాడు. ఐలవ్వ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నాక మళ్ళీ ఏడ్చింది.

వెళ్ళేముందు గట్టుతో ఇంకో మాట అంది.

"మా ఆయనొక్కడికే కాదు తాతా, అందరి కంట్లోనూ ఇలాగే నడువు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు అందరికీ ఉంటారు."

గట్టు కాదనలేకపోయాడు.

అప్పటినుంచే, పారే నీళ్ళను చాలాసేపు చూసి గట్టువైపు తిరిగితే, రాళ్ళూ గడ్డీ మెల్లగా ఎగువకు నడుస్తున్నట్టు కనబడతాయి. చెయ్యి పెట్టి చూడండి, ఏదీ కదలదు. కాసేపటికి కంట్లో నడక కూడా ఆగిపోతుంది. అంటే నీళ్ళతో పోయిన మీ చూపును గట్టు తిరిగి తెచ్చి మీకిచ్చేసినట్టే. ఇక ఇంటికి వెళ్ళండి, ఎవరో ఎదురు చూస్తూ ఉంటారు.