బొండాం బొజ్జ

అనగనగా ఒక ఊళ్ళో, గాలి ఏ పక్క నుంచి వీచినా బెల్లం వాసనొచ్చే ఊళ్ళో, నూకాలు అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, కాకపోతే చెప్పిన మాట వినేది. ఊఁ కొట్టు మరి.

నూకాలు వాళ్ళ నాన్న బెల్లం గానుగ దగ్గర పనిచేసేవాడు. అక్కడ చెరకు పిప్పి కుప్పలో ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. అవి తల్లిపాలు మానేదాకా ఆగి, ఒకనాడు నాన్న ఒకదాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఇంకేముంది, నూకాలు కాళ్ళు నేల మీద నిలవలేదు. వీధి వీధంతా చెప్పొచ్చింది.

ఒళ్ళంతా బెల్లం రంగు. కాళ్ళేమో పుల్లలు, బొజ్జేమో ఇంత గుండ్రం. అందుకని దానికి బొండాం అని పేరు పెట్టారు.

ఆ ఇంట్లో సత్తెమ్మ మామ్మ ఉంది, నూకాలుకి నానమ్మ. వీధిలో ఎవరికి పురుడొచ్చినా పసిగుడ్డుకి నీళ్ళు పోసేది ఆవిడే. కుక్కపిల్లకి నీళ్ళుపొయ్యడమేంటని నాన్న వద్దంటున్నా, "పసిగుడ్డు పసిగుడ్డే. కుక్కదైతే ఏటి, మనిసిదైతే ఏటి?" అంది.

అప్పుడు ఏం చేసింది? కాళ్ళు చాపుకుని కూర్చుని, బొండాంని కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాసింది. సున్నిపిండితో రుద్దింది. తల మీంచి నీళ్ళు పోసింది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన దిష్టిచుక్క కూడా పెట్టింది. బొండాం ఒకటే తుమ్ములు. నూకాలు కడుపు పట్టుకుని నవ్వింది. రోజూ అదే తంతు.

ఆ తర్వాత పాలు. చిక్కటి గేదెపాలలో బెల్లం కలిపి నూకాలు గిన్నెడు పోసేది. బొజ్జ ఇంకా పెరిగింది. వచ్చినవాళ్ళంతా ఆ బొజ్జ నిమిరి, "ఎంత బాగా మేపుతున్నారో" అనేవారు. నూకాలుకి ఎక్కడలేని గర్వం. ఒక్కటే లోటు, బొండాం ఎప్పుడూ మొరగలేదు. నోట్లోంచి చిన్న కుయ్ కూడా రాలేదు.

ఇంతలో దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆడటం మానేసింది, లేవడం మానేసింది. మామ్మ ఉప్పుతో దిష్టి తీసింది. మిరపకాయలతో తీసింది. చీపురుపుల్లలు కాల్చి తీసింది. ఆ ఘాటుకి మామ్మే దగ్గింది గానీ, బొండాం తల ఎత్తలేదు.

నూకాలుకి ఏడుపొచ్చేసింది. "నాన్నా, ఇది సచ్చిపోద్దేటి?" అంది. నాన్న వెంటనే సైకిలు తీశాడు. నూకాలు బొండాంని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. మామ్మ ఊరుకుంటుందా, ఆటో ఎక్కి వెనకాలే పశువుల ఆసుపత్రికి వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ బొండాం పెదవి పైకెత్తి నూకాలుకి చూపించింది. "చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. చూడు, ఎంత తెల్లగా పాలిపోయాయో. ఈ బొజ్జలో ఉన్నవి నులిపురుగులు. దీని రక్తం తాగేస్తున్నాయి."

మామ్మ నోరు వెళ్ళబెట్టింది. "అయితే ఇన్నాళ్ళూ మేం మేపింది పురుగుల్నా?"

అప్పుడు డాక్టరమ్మ నీరసానికి సెలైన్ పెట్టింది, తూకం చూసి పురుగుల మందు ఇచ్చింది. గేదెపాలు, బెల్లం మానేయమంది. ఉప్పూకారం లేని మెత్తటి అన్నంలో ఉడికిన గుడ్డు కలిపి కొంచెం కొంచెంగా పెట్టమంది. మంచినీళ్ళు ఎప్పుడూ దగ్గరుంచమంది. రోజూ స్నానం వద్దు, పొగ అసలే వద్దంది. "చిగుళ్ళు రంగు తిరిగాక తీసుకురండి, టీకా వేస్తాను. టీకాలన్నీ అయ్యేదాకా వీధిలో తిప్పకండి."

మామ్మ మొహం చిన్నబోయింది. "ఇంతమంది పిల్లల్ని పెంచిన సేతులమ్మా ఇవి" అంది.

"ఆ చేతులే కావాలి మామ్మగారూ. మందు మీరే పట్టండి, బుగ్గ పక్కనుంచి, నెమ్మదిగా" అంది డాక్టరమ్మ.

మామ్మ ఇంటికెళ్ళి పాత ఉగ్గుగిన్నె తీసింది. దాంతో ఒక్క చుక్క కింద పడకుండా మందు పట్టింది. ఆ తర్వాత ఏం బయటపడ్డాయో చెప్తే నువ్వు రేపు సేమియా తినవు, వద్దులే.

పొద్దున్నే నూకాలు పెదవి ఎత్తి చూసేది. తెలుపే. మళ్ళీ తెలుపే. ఇంకో పొద్దున చూస్తే, సన్నగా గులాబీ రంగు! నూకాలు మళ్ళీ వీధి వీధంతా చెప్పొచ్చింది. అప్పుడు టీకా వేయించారు. సూది చూసి నూకాలు కళ్ళు మూసుకుంది, బొండాం మూసుకోలేదు. బొజ్జ తగ్గింది, కాళ్ళు గట్టిపడ్డాయి. "అయ్యో, చిక్కిపోయిందే" అని ఎవరో అంటే, "నోరుముయ్, అదే బలం" అంది మామ్మ.

ఒకనాడు పక్కింట్లో కొత్త పసిగుడ్డుకి నీళ్ళు పోయాలని మామ్మ సాంబ్రాణి రాజేసి గడప దాటబోయింది. పొగ కనపడగానే బొండాం లేచింది. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టింది. తోక నిటారుగా నిలిపింది. "భౌ!" అంది.

నూకాలు ఎగిరి గంతేసింది. మామ్మ ధూపం గిన్నె కింద పెట్టి, కళ్ళు తుడుచుకుంది. "సూసినావా, నన్నే అదిలిస్తన్నాడు. ఎదవకి రక్తం పట్టిందమ్మా" అంది.

పురుగులన్నీ బయటికి,
బొండాం గాడు గడపకి,
కథేమో కంచికి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.