బుద్రమ్మ జీపుచూపులు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు లెండి, జీపులు కొండలెక్కడం నేర్చుకున్న కాలం. అప్పుడు పసుపుకొండ అని ఒక కొండ ఉండేది. దాని మీద ఒక గూడెం. ఆ గూడెంలో పసుపు పండేది, అల్లం పండేది, కబుర్లు ఇంకా బాగా పండేవి. లేనిదల్లా మంచి దారి.

కొండ కింద ఒక గెడ్డ పారేది. వాన పడిందంటే చాలు, ఆ గెడ్డ పొంగేది, దారి జారేది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వెదురుగెడకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకు దిగాల్సిందే. కిందటి వానాకాలంలో అలా డోలీలో దిగిన ఒక నిండు చూలాలు మళ్ళీ కొండ ఎక్కలేదు.

ఈసారి బుద్రమ్మ కోడలు రత్నికి నెలలు నిండుతున్నాయి. మబ్బులు చూస్తే బుద్రమ్మకు ముద్ద దిగడం లేదు.

గూడెమంతా కూడబలుక్కుని, పసుపు అమ్మిన సొమ్ము పోగుచేసి బుద్రమ్మ కొంగున ముడివేశారు. కొత్త జీపుకు ఆ సొమ్ము ఏ మూలకూ రాదు. పాతదే కొనాలి. కానీ నాలుగు చక్రాలూ లాగాలి, దారి మధ్యలో మొండికేయకూడదు.

ఇంతకీ బుద్రమ్మ ఎవరనుకున్నారు? పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి! జీపుకు ఇంజను ముందుంటుందో వెనకుంటుందో కూడా ఆమెకు తెలియదు. ఆమె కొడుకు, రత్ని మొగుడు డొంబుకు బండి నడపడం వచ్చు. ఎర్ర రంగు కనబడితే కళ్ళప్పగించి చూడడం ఇంకా బాగా వచ్చు.

తల్లీకొడుకులు బస్తీకి బయలుదేరారు. డొంబు ఉత్సాహం పట్టలేక దారి పొడుగునా నోటితోనే హారను కొడుతున్నాడు.

"ఒరే డొంబూ," అంది బుద్రమ్మ, "పిల్లని సూడ్డానికి ఎల్లినప్పుడు సెప్పిన యేలకి ఎల్లకూడదు. గంట ముందే ఎల్లాల."

"ఇది పిల్ల కాదమ్మా, జీపు!"

"ఏదైతే ఏటిరా? అమ్మేవోడు ముస్తాబు సెయ్యకుండా ఉంటాడా?"

మొదట వాళ్ళు చూడబోయింది రంగుల రామ్మూర్తి బండి. పది గంటలకు రమ్మన్నాడు. వీళ్ళు తొమ్మిదికే వెళ్ళి ప్రహరీ పక్క నుంచి తొంగి చూశారు. ఎర్రగా, నిగనిగలాడుతూ జీపు! డొంబు గుండె లయ తప్పింది. కానీ ఆ జీపును నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ పెరడంతా తోస్తున్నారు. తోయగా తోయగా అది దగ్గి, తుమ్మి, ఎట్టకేలకు అంటుకుంది.

"హమ్మయ్య!" అన్నాడు రామ్మూర్తి. "ఇంజను వేడి చల్లారనీయకండి. వాళ్ళొచ్చాక తాళం తిప్పగానే అందుకోవాలి."

"పద నాయనా," అని బుద్రమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. డొంబు వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

రెండోది తీపిమాటల తాతారావుది. ఆయన మధ్యాహ్నం రమ్మన్నాడు. వీళ్ళు మళ్ళీ గంట ముందే చేరారు. తాతారావు పిలిపించిన మేస్త్రీ ఒకడు జీపు కింద దూరి, పొడుగాటి ఇనప కడ్డీ ఒకటి విప్పి బయటికి లాగుతున్నాడు. ముందు చక్రాలకు బలం అందించే కడ్డీ అది.

"అరిగిపోయి లొడలొడలాడతన్నాది బాబూ. తీసేస్తే సప్పుడుండదు," అన్నాడు మేస్త్రీ.

"తీసెయ్, తీసెయ్! ముందు చక్రాలు లాగడం లేదని వాళ్ళకు తెలిసేది బురదలో దిగాక కదా!" అని తాతారావు నవ్వాడు.

బుద్రమ్మకు ఒళ్ళు మండింది. ఆ బురదలో ఆమె కళ్ళకు రత్ని కనిపించింది. "నీ తీపి నీ దగ్గరే ఉంచుకో బాబూ!" అని గుమ్మంలోంచే కేకేసి వెనుదిరిగింది.

ఇక మిగిలింది పనసతోట ఎర్రయ్య జీపు ఒక్కటే. సాయంత్రం రమ్మన్నాడు. గంట ముందే వెళితే అక్కడ జీపే లేదు!

"అమ్మేశాడేమో," అన్నాడు డొంబు నీరసంగా.

అంతలో తోట వైపు నుంచి గుర్రుమని చప్పుడు. పనసకాయల బరువుతో, బురద నిండిన ఏటవాలు దారిలో, ఒళ్ళంతా మట్టి పూసుకుని ఒక జీపు ఎక్కి వస్తోంది. నాలుగు చక్రాలూ మట్టిని పట్టి లాగుతున్నాయి. డొంబు ఎగిరి గంతేశాడు. దాని రంగేమిటో కూడా వాడికి తెలియలేదు.

ఎర్రయ్య దిగి సిగ్గుపడిపోయాడు. "అయ్యో అక్కా, అప్పుడే వచ్చేసినారా! కాసేపుంటే కడిగి ఉంచుదును."

"కడక్కు తమ్ముడూ! ఎందుకమ్మేత్తన్నావు?"

"నా మోకాలు క్లచ్చి తొక్కనివ్వడం లేదు. నిజం సెప్తాను, టాపు సిరిగింది, హారను మోగదు, ఎడమ తలుపు తాడుతో కట్టినాను. ఇంజనుకీ సక్రాలకీ మాత్రం నాది పూచీ."

ధర విన్నాక బుద్రమ్మ కొంగుముడి తడుముకుంది. చాలదు. ఆమె ఆలోచించింది.

"ఆ టాపు నువ్వే ఉంచుకో. మెత్తటి సీట్లూ, పాటల పెట్టే కూడా ఉంచుకో. మా కొండ మీద వెదురుకేటి కరువు? మేమే అల్లుకుంటాం. అవన్నీ తీసి ధర సెప్పు."

ఎర్రయ్య పకపకా నవ్వాడు. "అంటే నగలొద్దు, పిల్లనిస్తే సాలంటావు!"

"అదే నా యాపారం!" అంది బుద్రమ్మ. బేరం కుదిరింది.

రాత్రికి ఎర్రయ్య ఇంట్లోనే ఉండి, తెల్లారి టాపులేని జీపులో బయలుదేరారు. సగం దారిలో వాన అందుకుంది. తడుస్తూనే డొంబు పాటలు పాడాడు. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది.

అవతలి ఒడ్డున డోలీ. డోలీలో రత్ని! తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. మోసేవాళ్ళు నీళ్ళలో అడుగు పెడితే కాలు నిలవడం లేదు.

"అత్తా!" అని రత్ని కేక పెట్టింది.

నీళ్ళు మోకాలి లోతే. కానీ అడుగున జారుడు బండలు, పైన ఒడ్డంతా బురద. డొంబు నాలుగు చక్రాలూ లాగేలా చేసే పొట్టి లివరు వేశాడు. జీపు ఒక్కసారి పక్కకు జారింది. బుద్రమ్మ తాడు కట్టిన తలుపును గట్టిగా పట్టుకుంది. మరుక్షణం ముందు చక్రాలు నేలను దొరకబుచ్చుకున్నాయి. లాగింది, లాగింది, నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డెక్కేసింది!

గూడెం వాళ్ళ కేకలకు కొండ మారుమోగింది. రత్నిని అత్త ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పైన దుప్పటి పట్టుకున్నారు, జీపు వచ్చిన దారినే తిరిగి గెడ్డ దాటి ఆసుపత్రికి పరుగెత్తింది. పొద్దువాలక ముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

పాపకు జీపమ్మ అని పేరు పెడదామన్నాడు డొంబు. రేపు దానికి సంబంధాలు చూడాల్సింది తానేనని బుద్రమ్మ ససేమిరా ఒప్పుకోలేదు.

కనుక పిల్లలూ, దేనినైనా ఎంచుకునే ముందు అది పనిలో ఉండగా చూడండి. ముస్తాబు గంటలో అవుతుంది, సత్తువ గంటలో రాదు.