ఈగ వాలని నేల

అడవికీ పొలాలకీ మధ్య ఒక రంగుల ఫ్యాక్టరీ ఉండేది. మనుషులు దాన్ని కొన్నేళ్లు నడిపి, ఒకరోజు తాళం వేసి వెళ్లిపోయారు. రంగునీళ్ల గుంటలూ, నేలలో పాతిన పీపాలూ మాత్రం అక్కడే ఉండిపోయాయి.

కాటుకమ్మ అనే గేదె ఆ సంగతి పట్టించుకోలేదు, వేసవి చివర్లో దాని దూడ వెళ్లి ఒక గుంటలో పొర్లి వచ్చేదాకా. మూడోరోజుకి దూడ ఒంటి మీద చర్మం పొరలుగా లేచింది. ఒక కన్ను మసకేసింది. పాలు తాగడం మానేసింది.

వైద్యం తెలిసింది ముసలి కొంగ ఒక్కటే. అది దూడ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

"బతుకుతుంది. మళ్లీ ఆ నీళ్లు తగలకపోతే."

"తగలనివ్వను."

"నువ్వు ఆపుతావు సరే, వానని ఎవరాపుతారమ్మా? తొలకరి పడితే ఆ గుంటలన్నీ పొంగి వాగులో కలుస్తాయి. మనందరికీ ఉన్నది ఆ వాగొక్కటేగా?"

కాటుకమ్మ ఆకాశం వైపు చూసింది. ఇంకా మబ్బు లేదు.

అడవికి పెద్ద ఏనుగే. కాటుకమ్మ వెళ్లి చెప్పింది. ఏనుగు అందరినీ పిలిచి, ఆ చోటు ఎవరు శుభ్రం చేయిస్తారని అడిగింది. నక్క ముందుకొచ్చింది.

"నేనున్నానుగా పెద్దయ్యా! పని అయ్యాక వాగు మలుపులో ఉన్న పీతల మడుగు నాకు వదిలెయ్యండి, చాలు."

"సరే. కానీ ముందు సభ ఒప్పుకోవాలి."

అడవిలో సభకి ఒక పద్ధతుంది. సమ్మతమైతే తోక ఊపాలి, కాదంటే తోక కదపకూడదు. అందుకే సభ ఎప్పుడూ తెల్లవారుజామున, ఈగలు లేవకముందే జరిగేది. నక్క మాత్రం మిట్టమధ్యాహ్నం పెట్టింది.

"ఇంత ఎండలో ఏంట్రా?" అంది గాడిద.

"పొద్దున్నే అందరికీ మేత పనులుంటాయి మామా. నలుగురూ రావాలనే నా తాపత్రయం."

వాగు ఒడ్డున అందరూ చేరారు. జోరీగలు ముసురుకున్నాయి. నక్క రాయెక్కి గొంతు సవరించుకుంది.

"గుంటలు పూడ్చేస్తాం. పైన ఎర్రమట్టి పరిచేస్తాం. మీరెవరూ అటు రానక్కర్లేదు, కాలు కదపనక్కర్లేదు."

"మరి కింద ఉన్నదో?" అంది కాటుకమ్మ.

"ప్రశ్నలు చివర్లో అక్కా! సమ్మతమైనవాళ్లు తోక ఊపండి."

జోరీగ కుడితే ఊరుకునే తోకేది? ఆవు తోక ఊగింది, మేక తోక ఊగింది, గాడిద తోక ఊగింది. కాటుకమ్మ తోక కూడా ఊగింది.

"ఏకగ్రీవం!" అని నక్క రాయి దిగిపోయింది. ప్రశ్నల వంతు రానేలేదు.

కాటుకమ్మ దాని వెంటపడింది.

"నేను ఒప్పుకోలేదు తమ్ముడూ."

"తోక ఊపావుగా అక్కా! నా కళ్లతో చూశాను."

"ఈగలు తోలుకున్నాను."

"ఆ ముక్క సభకేం తెలుస్తుంది? సభకి తెలిసింది తోకే."

నక్క తన బంధువర్గాన్నంతా దింపింది. వారం తిరిగేసరికి గుంటలు కనబడలేదు. ఫ్యాక్టరీ చుట్టూ జానెడు మందాన ఎర్రమట్టి, పెళ్లివారి వాకిలిలా కళకళలాడుతోంది. ఇంక మిగిలింది ఒక్కటే, పని పూర్తయిందని సభ చేత అనిపించడం.

కాటుకమ్మ దూడని కొంగకి అప్పగించి, చూసి వద్దామని ఒక్కతే వెళ్లింది. నడి ఎండ. ఎర్రమట్టి మీద చాలాసేపు నిలబడింది. పేడ వేసింది. ఏదో తక్కువైనట్టు అనిపించింది కానీ, ఏమిటో తెలియలేదు. మెడ తిప్పి వెనక్కి చూసుకుంది. తన తోక కదలకుండా వేలాడుతోంది. పేడ మీద ఒక్క ఈగ లేదు.

అప్పుడు దానికి సంగతి తట్టింది. తిన్నగా నక్క దగ్గరికి వెళ్లింది.

"తమ్ముడూ, ఈసారి సభ అక్కడే పెట్టు. అందరూ నీ పనిని కళ్లారా చూస్తారు."

నక్క ఎగిరి గంతేసింది. "నా మనసులో మాట అన్నావక్కా! ఎప్పుడు పెడదాం?"

"ఎల్లుండి. మధ్యాహ్నమే. అలవాటైందిగా."

అనుకున్న రోజు మధ్యాహ్నం అందరూ ఎర్రమట్టి మీద నిలబడ్డారు. పడమట చిన్న మబ్బు లేచింది. నక్క పని గురించి తానే నాలుగు మంచి మాటలు చెప్పుకుని, గొంతు పెంచింది.

"పని పూర్తయిందని ఒప్పుకునేవాళ్లు తోక ఊపండి!"

ఒక్క తోకా కదల్లేదు. గొర్రెలు ముందున్న గొర్రె తోక చూశాయి. ముందున్న గొర్రె తనకి ముందున్న దాని తోక చూసింది. ఎక్కడా చలనం లేదు. నక్క ఒక్కటే తన కుచ్చుతోకని అటూ ఇటూ ఝాడిస్తోంది.

"ఊపండర్రా! ఎండకి మొద్దుబారిపోయారా?"

"ఏం నక్కా," అంది ఏనుగు, "కిందటి సభలో అన్నీ ఊగాయే?"

"అప్పుడు మా తోకల్ని ఊపింది ఈగలు పెద్దయ్యా," అంది కాటుకమ్మ. "ఇక్కడ ఈగ లేదు."

నక్క ఏమాత్రం తగ్గలేదు. "చూశారా! ఈగ కూడా లేనంత శుభ్రంగా చేశాను!"

"అదిగో, నిన్నగాక మొన్న నేను వేసిన పేడ. వేసినప్పుడూ ఈగ వాలలేదు, ఇప్పుడూ లేదు. పేడ మీద ఈగ వాలని నేల నువ్వెక్కడైనా చూశావా తమ్ముడూ?"

అన్ని తలలూ అటు తిరిగాయి. ఈగ లేదు, పురుగు లేదు. ఏనుగు ముందుకొచ్చి, దంతంతో ఎర్రమట్టి ఒక్కసారి గీకింది. కింద నీలంగా, నూనె తేలిన బురద. ఘాటుకి అందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేక తుమ్మింది.

"అక్కా, నా మాట విను..." అంటూ నక్క వెనక్కి ఒక అడుగు వేసింది. ఏనుగు తొండం దాని దారికి అడ్డంగా దిగింది.

"ఎక్కడికి? పని నీది, ఇంకా కాలేదు. కాటుకమ్మా, నువ్వు చెప్పు, ఏం చేద్దాం?"

"ఎవరికి ఏం తెలుసో అడగండి."

గాడిద సణిగినట్టుగా అంది, "ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో పీపాలు మోసింది నేనే. ఎక్కడెక్కడ పాతారో నాకు తెలుసు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం మామా?" అంది కాటుకమ్మ.

"గాడిదని అడిగిందెవరు?"

మేక అందుకుంది. "ఆ వెనక గోడవార గడ్డి నోట్లో పెడితే నాలుక తిమ్మిరెక్కుతుంది. మేకని, నేనే ఉమ్మేశానంటే మీరే చూసుకోండి!"

ఒకరి వెంట ఒకరు నడిచి, తమకి తెలిసిన ప్రతి చోటా ఒక పుల్ల గుచ్చారు. పొద్దువాలేసరికి నలభైకి పైగా పుల్లలు తేలాయి. నక్క ఎర్రమట్టి పోసిన చోట వాటిలో సగం కూడా లేవు.

ఆ సాయంత్రమే పని మొదలైంది. పీపాలు ఏనుగు పీకింది. ఫ్యాక్టరీ లోపల కప్పు కింద పెద్ద సిమెంటు తొట్టి ఉంది, బురదంతా అందులోకి చేర్చారు. వాగు వైపు ఎద్దులు కట్ట వేశాయి. తవ్వే వంతు నక్కకీ దాని బంధువర్గానికీ పడింది. గోళ్లున్నది వాళ్లకేగా.

తొలకరి పడేటప్పటికి పీపాలు పైకొచ్చాయి, కట్ట పూర్తయింది. కాటుకమ్మ వానలో నిలబడి వాగునే చూసింది. నీళ్లు మట్టిరంగులో వచ్చాయి, వేరే రంగేమీ కలవలేదు. ముందు తాను తాగింది. పూటంతా ఆగింది. ఆ తర్వాతే దూడని దింపింది. కన్ను ఇంకా మసకే. ఒంటి మీద పుండ్లు మాత్రం పక్కుకట్టాయి.

గోడవార తవ్వకం ఇంకా మిగిలింది. వాన వెలిశాక కాటుకమ్మ చూడటానికి వెళ్తే, నక్క పీకల్లోతు గోతిలో రొప్పుతోంది.

"కాటుకమ్మక్కా! ఇంకెంత లోతు తవ్వాలి?"

కాటుకమ్మ లోపలికి వంగి చూసింది.

"నీ పిల్లల్ని ఇందులో ఆడుకోమని వదలగలవా?"

నక్క తన కాళ్ల కింది నేలకేసి చూసింది. తర్వాత మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది.

నీతి: చెడిన చోటు బాగవ్వాలంటే, ఆ చోట బతికేవాళ్ల మాట ముందు వినాలి.